సైకిల్ ట్రాక్ ఎవరిని అడిగి వేస్తున్నారు?

సైకిల్ ట్రాక్ అనగానే ఇప్పుడు మనందరికీ గుర్తొచ్చేది హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, పైన సోలార్ ప్యానెళ్ళు కప్పి వేసిన 23 కిలోమీటర్ల దారి. 2023 అక్టోబరులో ప్రారంభించారు. బాగుంది, కాదనను. నెత్తిన ఎండ లేదు, రాత్రిపూట లైట్లున్నాయి, సైకిల్‌ని కారు వెనక కట్టుకుని మరీ వచ్చి తొక్కేవాళ్ళున్నారు. కాకపోతే తెల్లవారుజామున పాలప్యాకెట్లు వేసే కుర్రాడికీ, నాలుగు వీధుల అవతల అపార్ట్‌మెంట్‌లో పనికి నడిచి వెళ్ళే ఆమెకీ, ట్యూషన్‌కి పోయే పిల్లలకీ దాంతో పని లేదు. రోజూ నడిచేవాళ్ళు ఒకచోట, వాళ్ళ పేరు చెప్పి వేసే దారులు ఇంకోచోట ఎందుకున్నాయో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

ఒకప్పుడు మన ఊళ్ళలో సైకిల్‌కి పన్ను కట్టి బిళ్ళ తెచ్చుకోవాల్సి వచ్చేది. రాత్రి లైటు లేకపోయినా, డబుల్స్ తొక్కినా పోలీసులు ఆపేవాళ్ళు, కొందరైతే గాలి తీసి పంపేవాళ్ళు. తిట్టుకునేవాళ్ళం గానీ, కనీసం సైకిల్‌ని కూడా ఒక వాహనంగా లెక్కలో పెట్టుకున్న రోజులవి. 1962లోనే, రోడ్లకు ప్రమాణాలు రాసే ఇంజినీర్ల సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్, సైకిల్ ట్రాక్ ఎలా వేయాలో ఒక పుస్తకం తెచ్చింది. రద్దీ వేళ గంటకు 100 నుంచి 200 దాకా మోటారు వాహనాలు తిరిగే రోడ్డు మీద 400 సైకిళ్ళు ఉంటే విడిగా ట్రాక్ వేయొచ్చు, మోటారు వాహనాలు 200 దాటితే సైకిళ్ళు 100 ఉన్నా చాలు అంది. చదవడానికి న్యాయంగానే ఉంది. చిక్కంతా ఆ లెక్కపెట్టే పద్ధతిలోనే ఉంది. లారీలూ బస్సులూ పెరిగేకొద్దీ భయపడి సైకిల్ మూలన పెట్టినవాళ్ళు ఆ లెక్కలోకి రారు, వాళ్ళు రారు కాబట్టి సైకిళ్ళు తగ్గాయని తేలుతుంది, తగ్గాయి కాబట్టి ట్రాక్ అక్కర్లేదు. ఎందుకు మానేశావయ్యా అని ఇంటికెళ్ళి అడిగే పని మాత్రం ఆ పద్ధతిలో లేదు.

ఫుట్‌పాత్‌దీ ఇదే కథ. 1988లో అదే సంస్థ నుంచి పాదచారుల సదుపాయాలకు విడిగా మార్గదర్శకాలు వచ్చాయి, 2012లో వాటిని సవరించారు. నడవడానికి అడ్డు లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి, రోడ్డు నుంచి ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు. ఇప్పుడు మీ వీధి చివరికెళ్ళి చూడండి. అడుగు పైన ఎత్తు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడ ఎక్కలేదు. ఎలాగో ఎక్కినా పది అడుగులకి ఎవరింటి గేటు కోసమో ర్యాంపు, అది దిగి మళ్ళీ ఎక్కితే ట్రాన్స్‌ఫార్మర్, దాన్ని తప్పించుకుంటే హోటల్ వాడి బోర్డు. ఇక ఆవిడ రోడ్డు మీదే నడుస్తుంది. ఫుట్‌పాత్ ఉన్నా వాడరండీ అని నింద మళ్ళీ ఆవిడకే.

2006లో కేంద్రం తెచ్చిన పట్టణ రవాణా విధానం బండ్లు కాదు, మనుషులు కదలడం ముఖ్యం అని తేల్చి చెప్పింది. ఆ తర్వాత ఐదేళ్ళకి 2011 జనగణనలో, వ్యవసాయం, కుటీర పరిశ్రమ కాకుండా వేరే పనులు చేసేవాళ్ళని పనికి ఎలా వెళ్తున్నారని అడిగారు. సుమారు 20 కోట్ల మందిలో నాలుగున్నర కోట్ల మంది నడిచి, రెండున్నర కోట్లకు పైగా సైకిల్ మీద. ఫ్లైఓవర్లు మాత్రం కట్టుకుంటూనే పోయాం. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులే.

జనాన్ని అడగడం అనేది కాస్త పద్ధతిగా కనిపించింది కోవిడ్ టైములో. 2020లో కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ ఏ నగరం సైకిల్‌కి అనువుగా మారుతుందో చూద్దామని నగరాల మధ్య పోటీ పెట్టింది. సైకిల్ తొక్కేవాళ్ళతో సర్వే చేయాలి, రోడ్డు మీద కోన్లు పెట్టి తాత్కాలికంగా లేన్ వేసి చూడాలి, నచ్చితే పక్కా చేయాలి. చివరికి ఎంపికైన 11 నగరాల్లో మన వరంగల్ ఉంది. వీధుల్ని నడిచేవాళ్ళకి అనువుగా మార్చే ఇంకో పోటీలో విజయవాడ ఎంపికైంది. ఐడియాగా ఇది నాకు బాగా నచ్చింది, ఎందుకంటే కోన్లు పెట్టి తప్పయితే పొద్దున్నే తీసేయొచ్చు, కాంక్రీటు పోశాక ఎవరూ తీయరు. కానీ పోటీ అంటే పోటీయే. కమిషనర్‌కి ఆసక్తి ఉన్నన్నాళ్ళు నడుస్తుంది, బదిలీ అయితే కోన్లు గోడౌన్‌కి పోతాయి.

బ్రిటన్‌లోని వేల్స్‌లో ఇదే పనికి 2013లో చట్టం చేశారు. ప్రతి స్థానిక కౌన్సిల్ నడక, సైకిల్ దారులు ఇప్పుడెక్కడున్నాయో, రేపు ఎక్కడ కావాలో మ్యాపులు గీయాలి, జనంతో సంప్రదించాలి, కొన్నేళ్ళకోసారి మళ్ళీ సవరించాలి. అక్కడ అన్నీ సవ్యంగా ఉన్నాయని కాదు. అడగకపోతే నిలదీయడానికి ఒక కాగితం ఉంది, అంతే.

మన దగ్గర ఆ కాగితం కోర్టు నుంచి వస్తోంది. 2025 మేలో సుప్రీంకోర్టు, ఫుట్‌పాత్ మీద నడవడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనంది. అదే ఏడాది అక్టోబరులో 50 నగరాల్లో ఫుట్‌పాత్‌లు, క్రాసింగ్‌ల పరిస్థితిని ఆడిట్ చేయమని ఆదేశించింది. టేపు పెట్టి వెడల్పు కొలవడానికి ఇంజినీరు చాలు. స్కూలు వదిలే టైములో పిల్లలు ఏ మూలన రోడ్డెక్కుతున్నారో, ఎందుకో చెప్పాలంటే మాత్రం అక్కడ రోజంతా పండ్లబండి పెట్టుకునే ఆయన్ని అడగాలి. ఆయన్ని ఆక్రమణదారుడని ముందే లేపేస్తే ఆ సమాచారమూ పోతుంది.

అడిగే వేదికలు లేవా అంటే, కాగితం మీద ఉన్నాయి. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పెద్ద పట్టణాలకు వార్డు కమిటీలు ఉండాలంది. తెలంగాణ 2019 మున్సిపాలిటీల చట్టంలో వార్డుకి నాలుగు కమిటీలున్నాయి, యువతకొకటి, మహిళలకొకటి, పెద్దవాళ్ళకొకటి, ప్రముఖులకొకటి, ఒక్కోదాంట్లో 15 మంది. అంటే వార్డుకి 60 మంది. రేపు మీ వీధిలో ఫుట్‌పాత్ పనికి కొలతలు తీస్తుంటే, ఎస్టిమేట్ ఆ 60 మందికి చూపించారా అని కార్పొరేటర్‌నో కౌన్సిలర్‌నో అడగండి. కంకర దిగకముందే అడగండి.