పక్క రాష్ట్రం యూనివర్సిటీ, మన వీధిలో సెంటర్: దూరవిద్యలో అపోహలు – వాస్తవాలు

దూరవిద్య అడ్మిషన్లు, సర్టిఫికెట్ల పరిశీలన చూసే పనిలో ఉన్నాను. జూలై, ఆగస్టు వచ్చాయంటే ఒకే రకం ఫోన్లు. "సార్, ఫలానా రాష్ట్రం యూనివర్సిటీ సెంటర్ మా ఊళ్లో ఉంది. సగం ఫీజు కట్టేశాం. ఇప్పుడు డౌటొస్తోంది, ఇది చెల్లుతుందా?" ఫీజు కట్టకముందు అడిగితే పది నిమిషాల్లో తేలిపోయే విషయం ఇది. కట్టాక తేల్చడం కష్టం. ఉద్యోగం వచ్చి, వెరిఫికేషన్ దగ్గర ఆగిపోయాక అయితే ఇక చేయగలిగింది చాలా తక్కువ. ఇలా ఫోన్ చేసేవాళ్లలో చాలామంది పగలు పని చేసుకుంటూ రాత్రి చదువుకునేవాళ్లు, పెళ్లయ్యాక మళ్లీ పుస్తకం పట్టిన ఆడవాళ్లు. వాళ్లను తప్పుదారి పట్టించే మాటలేమిటో, నిజమేమిటో ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: యూనివర్సిటీకి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) గుర్తింపు ఉంటే చాలు.

వాస్తవం: చాలదు. 1956 నాటి యూజీసీ చట్టం సెక్షన్ 22 ప్రకారం డిగ్రీ ఇచ్చే అధికారం ఉండటం ఒక సంగతి. ఆ డిగ్రీని దూరవిద్యలో ఇవ్వడానికి అనుమతి ఉండటం వేరే సంగతి. ఈ రెండో అనుమతిని యూజీసీలోని దూరవిద్య విభాగం, అంటే అందరూ డెబ్ అని పిలిచేది, చూస్తుంది. 2013కి ముందు ఈ పని ఇగ్నో, అంటే ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం కింద ఉన్న దూరవిద్య మండలి చేసేది.

డెబ్ వెబ్‌సైట్‌లోని జాబితాలో యూనివర్సిటీ పేరు కనిపించగానే ఫోన్ పక్కన పెట్టేయకండి. మీరు చేరబోయే కోర్సు పేరు, ఏ పద్ధతిలో (దూరవిద్యా, ఆన్‌లైనా) అన్నది, ఏ విద్యా సంవత్సరం, ఏ సెషన్ అన్నది, అన్నీ సరిపోవాలి. బీకాంకు అనుమతి ఉండి ఎంబీఏకు లేని యూనివర్సిటీలు ఉంటాయి. నిరుడు ఉండి ఈ ఏడు లేనివీ ఉంటాయి. పాత డిగ్రీ ఉన్నవాళ్లు కూడా తాము చేరిన సంవత్సరానికి అనుమతి ఉందో లేదో చూసుకోవాలి. ఇప్పుడు ఉందా లేదా అన్నది వాళ్లకు అక్కరకు రాదు.

అపోహ: ప్రభుత్వ గుర్తింపు ఉన్న యూనివర్సిటీ దేశంలో ఎక్కడైనా సెంటర్ తెరవొచ్చు.

వాస్తవం: ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

రాష్ట్ర యూనివర్సిటీ అయినా, ప్రైవేటు యూనివర్సిటీ అయినా ఒక రాష్ట్ర శాసనసభ చేసిన చట్టంతో పుడుతుంది. ఆ చట్టం ఆ రాష్ట్ర సరిహద్దు దాటి పనిచేయదు. 2002లో ఛత్తీస్‌గఢ్ ఒక చట్టం చేస్తే, దాని కింద కొద్ది కాలంలోనే వందకు పైగా ప్రైవేటు యూనివర్సిటీలు పుట్టుకొచ్చాయి. వాటిలో చాలావాటికి సరైన భవనం లేదు, అధ్యాపకులు లేరు. పైగా వేరే రాష్ట్రాల్లో కూడా సెంటర్లు తెరిచే వీలు ఆ చట్టంలో ఉంది. దీని మీద యూజీసీ మాజీ ఛైర్మన్ ప్రొఫెసర్ యశ్‌పాల్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2005 ఫిబ్రవరి 11న కోర్టు ఆ చట్టంలోని కీలకమైన సెక్షన్లను కొట్టేసింది. ఒక రాష్ట్రం చేసిన చట్టంతో పుట్టిన యూనివర్సిటీ ఇంకో రాష్ట్రంలో కేంద్రాలు పెట్టడం కుదరదని తేల్చింది. అప్పటికే చేరిన పిల్లలు రోడ్డున పడకుండా, ఆ సంస్థలను అప్పటికే ఉన్న ప్రభుత్వ యూనివర్సిటీలకు అనుబంధం చేసే ఏర్పాటు చూడమని కూడా చెప్పింది. నాకు ఆ తీర్పులో బాగా నచ్చే భాగం అదే.

2013 జూన్‌లో యూజీసీ ఇదే విషయం మీద బహిరంగ ప్రకటన ఇచ్చింది. 2017 నిబంధనల్లోనూ, ఇప్పుడు అమల్లో ఉన్న 2020 నిబంధనల్లోనూ అదే ఉంది. దేశమంతా సెంటర్లు పెట్టే అధికారం పార్లమెంటు చట్టంతో 1985లో ఏర్పడిన ఇగ్నోకు ఉంది. మనకు దగ్గర్లో హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలో దాని ప్రాంతీయ కేంద్రాలున్నాయి. రాష్ట్ర యూనివర్సిటీలు, ప్రైవేటు యూనివర్సిటీలు దూరవిద్యను తమ రాష్ట్రం దాటి నడపకూడదు. డీమ్డ్ యూనివర్సిటీలకూ, అంటే కేంద్రం యూనివర్సిటీ హోదా ఇచ్చిన సంస్థలకూ, యూజీసీ గీసిన హద్దు ఉంది. ఎవరికైనా ఫ్రాంచైజీ ఇచ్చి కోర్సు నడిపించడం పూర్తిగా నిషేధం.

ఇప్పుడు మీ వీధిలో బోర్డు చూడండి. ఉత్తరాది ప్రైవేటు యూనివర్సిటీ పేరు, కింద "ఆథరైజ్డ్ స్టడీ సెంటర్" అని ఉంటుంది. లోపల ఒక కన్సల్టెన్సీ ఆయన రశీదు పుస్తకంతో కూర్చుని ఉంటాడు. ఆ యూనివర్సిటీ అసలుదే కావచ్చు. కానీ ఆ సెంటర్‌కు చట్టం దృష్టిలో స్థానం లేదు. దూరవిద్య డిగ్రీ సర్టిఫికెట్ వెనక వైపు చదివిన పద్ధతి, చేరిన తేదీ, పూర్తయిన తేదీ, స్టడీ సెంటర్, పరీక్షా కేంద్రం చిరునామాలు ముద్రించాలని నిబంధన. ఏదైనా తేడా ఉంటే వెరిఫికేషన్ చేసేవాళ్లు ముందు పట్టుకునేది అక్కడే.

అపోహ: అయితే వేరే రాష్ట్రం యూనివర్సిటీలో మనం చేరనే కూడదు.

వాస్తవం: ఈ హద్దు యూనివర్సిటీ కార్యకలాపాలకు. సెంటర్ ఎక్కడ పెట్టాలి, కాంటాక్ట్ తరగతులు (నేరుగా హాజరయ్యేవి), పరీక్షలు ఎక్కడ జరపాలి అన్నదానికి. చేరే ముందు ఆ యూనివర్సిటీ ప్రాస్పెక్టస్‌లో అర్హత చదవండి, తరగతులకూ పరీక్షలకూ ఆ రాష్ట్రానికే వెళ్లగలరా లేదా ఆలోచించుకోండి. "మీరు రానక్కర్లేదు, ఇక్కడే రాయిస్తాం" అని ఎవరైనా అంటే మాత్రం అక్కడి నుంచి వచ్చేయండి.

అపోహ: ఆన్‌లైన్ అన్నా డిస్టెన్స్ అన్నా ఒకటే.

వాస్తవం: యూజీసీ లెక్కలో రెండూ వేర్వేరు పద్ధతులు, అనుమతులూ వేర్వేరు. దూరవిద్యకు నాక్ (విద్యాసంస్థల నాణ్యతను అంచనా వేసే సంస్థ) ఇచ్చే స్కోరు 3.01 ఒక అర్హత అయితే, ఆన్‌లైన్‌కు 3.26 అడుగుతారు. ఆన్‌లైన్ కోర్సుకు రాష్ట్రాల హద్దు లేదు. నెల్లూరులో ఉన్నా, దుబాయ్‌లో ఉన్నా చేరొచ్చు. ఏజెంట్లు ఈ తేడాను తమకు అనుకూలంగా వాడుకుంటారు. "హద్దు లేదని యూజీసీయే చెప్పింది" అంటూ ఆన్‌లైన్ నియమం చూపించి, చేతిలో పెట్టేది మాత్రం దూరవిద్య ఫారం. ఫారం మీద, రశీదు మీద ఏ పద్ధతి అని రాసి ఉందో చదవండి. ఆన్‌లైన్ కోర్సే అయితే దానికి మన వీధిలో స్టడీ సెంటర్‌తో పనేముంది?

చదువు చెప్పే యాప్‌లు నడిపే ఎడ్‌టెక్ కంపెనీల సంగతీ ఇంతే. వాటితో ఫ్రాంచైజీ ఒప్పందాలు చెల్లవని 2022 జనవరిలో యూజీసీ హెచ్చరించింది. డిగ్రీ ఇచ్చేది యూనివర్సిటీ కాబట్టి ఫీజు దాని ఖాతాకే వెళ్లాలి.

అపోహ: అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ రెండు రాష్ట్రాలకూ ఎప్పటికీ ఉమ్మడిదే.

దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మనదే. 1982లో హైదరాబాద్‌లో మొదలైంది. మొదటి వైస్ చాన్సలర్ ప్రొఫెసర్ జి. రాంరెడ్డి తర్వాత ఇగ్నోకూ మొదటి వైస్ చాన్సలర్ అయ్యారు. మారుమూల మండలాల్లో ఎంతమందినో ఈ యూనివర్సిటీ పట్టభద్రులను చేసింది. అందుకే విభజన తర్వాతి సంగతి చెప్పాలంటే మనసుకు కష్టంగా ఉంటుంది. 2014 విభజన చట్టం ఇచ్చిన పదేళ్ల ఉమ్మడి అడ్మిషన్ల గడువు 2024 జూన్‌తో ముగిసింది. కాబట్టి ఏపీలో ఉన్నవాళ్లు "మా అన్న ఇక్కడి సెంటర్లోనే చదివాడు" అన్న మాట మీద ఆగకుండా, ఈ ఏటి నోటిఫికేషన్‌లో తమకు అవకాశం ఉందో లేదో చూసుకునే అడుగు వేయాలి.

అపోహ: అనుమతి ఉన్న యూనివర్సిటీ ఏ కోర్సైనా దూరవిద్యలో ఇవ్వొచ్చు.

వాస్తవం: ఇంజనీరింగ్, వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ, న్యాయశాస్త్రం, వ్యవసాయం, ఆర్కిటెక్చర్ వంటివి దూరవిద్యలో ఇవ్వకూడదు. పీహెచ్‌డీ కూడా అంతే. 2025 జూలై–ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, ఫుడ్ అండ్ న్యూట్రిషన్ లాంటి కోర్సులూ ఈ జాబితాలో చేరాయి. సైకాలజీ ఎమ్మే చేద్దామనుకున్న గృహిణులు చాలామంది ఉన్నారు. వాళ్లకు ఈ సంగతి తప్పకుండా చేరాలి.

అనుమతి లేని కోర్సులో చేరితే ఏమవుతుందో 2017 నవంబరు 3 నాటి సుప్రీంకోర్టు తీర్పు చూస్తే తెలుస్తుంది. కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు అనుమతి లేకుండా 2001 నుంచి దూరవిద్యలో బీటెక్‌లు ఇచ్చాయి. 2001–05 మధ్య చేరినవాళ్లు సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ పెట్టే పరీక్ష పాసైతేనే డిగ్రీ నిలుస్తుందని కోర్టు చెప్పింది. ఆ తర్వాత చేరినవాళ్ల డిగ్రీలు రద్దయ్యాయి. ఫీజు వెనక్కివ్వమని యూనివర్సిటీలను ఆదేశించింది. ఆ డిగ్రీతో వచ్చిన ప్రమోషన్లు మాత్రం నిలవలేదు.

అపోహ: దూరవిద్య డిగ్రీకి విలువ తక్కువ, గ్రూప్స్‌కు పనికిరాదు.

వాస్తవం: నిబంధనల ప్రకారం పూర్తి చేసిన దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీతో సమానం. 2022 సెప్టెంబరులో యూజీసీ ఈ మాట మళ్లీ స్పష్టం చేసింది. ఎవరూ తలదించుకోనక్కర్లేదు.

అపోహ: వన్ సిట్టింగ్‌లో (అన్నేళ్ల పరీక్షలూ ఒకేసారి రాసి), పాత తేదీతో డిగ్రీ చేసుకోవచ్చు.

వాస్తవం: అలాంటి పద్ధతి ఏ నిబంధనలోనూ లేదు. మూడేళ్ల డిగ్రీకి మూడేళ్లు పడుతుంది. 2024 నుంచి దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సుల్లో చేరే మన దేశ విద్యార్థులంతా డెబ్ ఐడీ తీసుకోవాలి. మీ ఏబీసీ ఐడీతో (విద్యార్థి క్రెడిట్లు దాచే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నంబరు) డెబ్ పోర్టల్‌లో మీరే చేసుకోవచ్చు. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. నా దృష్టిలో ఇటీవలి కాలంలో విద్యార్థికి దొరికిన మంచి రక్షణ ఇదే, ఎందుకంటే మీరు ఎప్పుడు చేరారన్న లెక్క ఏజెంటు చేతిలో కాక యూజీసీ దగ్గర ఉంటుంది.

అపోహ: మోసపోతే కన్స్యూమర్ కోర్టుకు వెళ్తే డబ్బు వచ్చేస్తుంది.

దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. పరీక్షలు పెట్టి డిగ్రీలిచ్చే యూనివర్సిటీ వినియోగదారుల చట్టం కింద సేవలమ్మే సంస్థ కాదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. ముందు యూనివర్సిటీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా రాయండి, కాపీ ఉంచుకోండి. జవాబు రాకపోతే యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. ఏజెంటు డబ్బు తీసుకుని మోసం చేస్తే అది పోలీస్ స్టేషన్‌కు వెళ్లాల్సిన కేసు. రశీదులు, వాట్సాప్ మెసేజ్‌లు, యూపీఐ చెల్లింపుల స్క్రీన్‌షాట్లు చెరిపేయకండి. టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్ మాత్రం ఎవరి దగ్గరా వదలొద్దు. యూనివర్సిటీలే పరిశీలించి వెంటనే తిరిగి ఇవ్వాలని 2018లో యూజీసీ చెప్పింది, ఇక కన్సల్టెన్సీకి వాటిని అట్టిపెట్టుకునే హక్కు ఎక్కడిది? ఇప్పటికే ఇచ్చేసి ఉంటే, మిగతా ఫీజు సంగతి మాట్లాడకముందే ఆ కాగితాలు వెనక్కి తెచ్చుకోండి.