గోధుమ బోర్డు పోయాక: కెనడా పెద్ద కమతాల కాంట్రాక్టుల వెనుక కథ

2021 వేసవిలో కెనడా పశ్చిమ మైదానాల్లో వానల్లేక పంట ఎండిపోయింది. అంతకు ముందు ఏడాది 3.5 కోట్ల టన్నులున్న దేశపు గోధుమ దిగుబడి సుమారు 2.2 కోట్ల టన్నులకు దిగింది. గింజ చేతికొచ్చినవాళ్ళకు మాత్రం ధర పండింది, కనోలా (ఆవ జాతి నూనెగింజ) బుషెల్ (సుమారు 22.7 కిలోలు) 20 డాలర్లు దాటింది. కానీ చాలామంది విత్తనం వేసే నాటికే, అంతకన్నా బాగా తక్కువ రేటుకు ఇన్ని టన్నులు పోస్తామని కంపెనీలకు సంతకాలు పెట్టేశారు. ఇప్పుడు పోద్దామంటే గింజ లేదు. కాంట్రాక్టు వదిలించుకోవాలంటే ఒప్పుకున్న రేటుకూ ఆనాటి మార్కెట్ రేటుకూ ఉన్న తేడా కట్టాలి, పైగా ఫీజు. వేల ఎకరాల ఆసాములు పంట పోయిన ఏడాదే కొనేవాడికి ఎదురు డబ్బు కట్టారు.

కనోలాకు ఈ పద్ధతి పాతదే. గోధుమకు మాత్రం 2012 దాకా వేరే లెక్క ఉండేది.

ఆ లెక్క 1920లలో మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ధరలు కుప్పకూలడంతో అల్బెర్టా, సస్కాచెవాన్, మానిటోబా రైతులు 1923-24లో 'పూల్' అనే సహకార సంఘాలు పెట్టుకున్నారు. పండిన గోధుమంతా అయిదేళ్ళపాటు సంఘానికే పోస్తానని ప్రతి సభ్యుడూ సంతకం చేయాలి. దొంగచాటుగా బయట అమ్మితే జరిమానా. అంటే అక్కడి తొలి పెద్ద కాంట్రాక్టును రాసింది కంపెనీ కాదు, రైతుల సంఘమే. 1929 పంటకు పూల్‌లు బుషెల్‌కు (గోధుమకైతే 27 కిలోలు) డాలరు చొప్పున అడ్వాన్సు ఇచ్చేశాక, మార్కెట్ ధర అంతకన్నా కిందికి జారింది. పూల్‌లు అప్పుల్లో మునిగాయి, ప్రావిన్సుల ప్రభుత్వాలు హామీ పడి గట్టెక్కించాయి. చివరికి 1935లో కేంద్ర ప్రభుత్వం కెనడియన్ వీట్ బోర్డు పెట్టింది. 1943 నుంచి పశ్చిమ ప్రాంతపు గోధుమ బోర్డుకు తప్ప మరెవరికీ అమ్మకూడదన్నది చట్టమైంది.

బోర్డు హయాంలో ప్రతి రైతు చేతిలో ఒక పర్మిట్ పుస్తకం ఉండేది. లారీ ఎలివేటర్‌కు (గింజ దించుకుని, నిల్వచేసి, రైలెక్కించే పెద్ద గిడ్డంగి) చేరాక కాటా వేస్తారు, చెత్తకు తరుగు తీస్తారు, గ్రేడు కట్టి పుస్తకంలో రాస్తారు. అప్పుడు చేతికొచ్చేది మొదటి వాయిదా మాత్రమే. బోర్డు ఏడాదంతా ప్రపంచ మార్కెట్‌లో అమ్మి, వచ్చిన డబ్బు కలిపి, గ్రేడును బట్టి సరాసరి కట్టి, పంట సంవత్సరం ముగిసిన కొన్ని నెలలకు తుది చెల్లింపు పంపేది. ఎవడు ఏ రోజు అమ్మాడన్న లెక్క లేదు. ఒకే గ్రేడుకు అందరికీ అదే రేటు, రవాణా ఖర్చులోనే తేడా. రైతు తన వీలు చూసుకుని పోయడం కుదరదు, బోర్డు పిలిచినప్పుడే పోయాలి. తెలివిగా అమ్ముకోగలనని నమ్మిన పెద్ద రైతుకు ఇది సంకెల. అమ్మకం గొడవే వద్దనుకునేవాడికి నిశ్చింత. 1990లలో కొందరు బోర్డు అనుమతి లేకుండా గోధుమ లారీలను అమెరికా సరిహద్దు దాటించి జైలుకు కూడా వెళ్ళారు.

2011లో బోర్డు నిర్వహించిన ఓటింగులో గోధుమ రైతుల్లో 62 శాతం పాత పద్ధతే కావాలన్నారు. ప్రభుత్వం వినలేదు. 2012 ఆగస్టు 1 నుంచి ఎవరికైనా అమ్ముకోవచ్చు.

అసలు పరీక్ష మరుసటి ఏడాదే వచ్చింది. 2013లో గోధుమ రికార్డు స్థాయిలో 3.75 కోట్ల టన్నులు పండింది. చలికాలంలో రైళ్ళు చాలలేదు, ఎలివేటర్లు నిండిపోయాయి. నిండిన ఎలివేటర్‌కు కొత్త గింజతో పనేముంది? అమెరికాలోని మినియాపొలిస్ ధాన్యం ఎక్స్ఛేంజి ధరకూ తామిచ్చే ధరకూ మధ్య తేడాను కంపెనీలు బాగా పెంచేశాయి. కాంట్రాక్టులో రాసుకున్న నెల దాటిపోయినా లారీని రమ్మనేవాళ్ళు లేరు. 2014 మార్చిలో ప్రభుత్వం రెండు రైల్వే కంపెనీలనూ వారానికి చెరో అయిదు లక్షల టన్నులు తరలించాలని ఆదేశించాల్సి వచ్చింది.

పెద్ద కమతాలు పాఠం నేర్చుకున్నది ఆ చలికాలంలోనే. సస్కాచెవాన్‌లో సగటు కమతమే 1,700 ఎకరాలకు పైమాట, మన రెండున్నర ఎకరాల లెక్కలతో దాన్ని ఊహించడం కష్టం. అలాంటి చోట ఉక్కు గాదెలు ఇంకా పెరిగాయి, అవీ చాలనప్పుడు పొలంలోనే పొడవాటి తెల్లటి ప్లాస్టిక్ సంచుల్లో గింజ నింపి పడుకోబెట్టారు. దగ్గరి ఎలివేటర్ రేటు నచ్చకపోతే దూరానికి తోలుకుపోవడానికి సొంత లారీలు కొన్నారు. కోతకు ముందే పంటంతా అమ్మేయకుండా కొంత భాగమే కాంట్రాక్టుకు కట్టడం, దాన్నీ రెండు మూడు కంపెనీలకు పంచడం అలవాటైంది. ఫీజు తీసుకుని ఎప్పుడు అమ్మాలో చెప్పే సలహాదారులు పుట్టుకొచ్చారు. నా ఉద్దేశంలో పెద్ద రైతు నెగ్గింది బేరం బాగా ఆడి కాదు, ఆగగలిగి. గాదె, లారీ, బ్యాంకు పరపతి ఉన్నవాడు రేటు వచ్చేదాకా కూర్చుంటాడు. నవంబరులో అప్పు కట్టాల్సినవాడు ఎంతిస్తే అంత పుచ్చుకుంటాడు.

అలా ఆగగలిగినవాళ్ళను కూడా 2021 దెబ్బతీసింది. గాదెలో ఉన్న గింజను ఎప్పుడు అమ్మాలో రైతు ఇష్టం, పొలంలో ఇంకా మొలవని గింజను అమ్మేస్తే ఆ ఇష్టం ఉండదు. ప్రకృతి వైపరీత్యం వస్తే రైతుకు బాధ్యత ఉండదనే షరతు కొన్ని పప్పుధాన్యాల కాంట్రాక్టుల్లో ఉంటుంది, ఎకరాకు ఇంత అనే పరిమితితో. మామూలు గోధుమ, కనోలా కాంట్రాక్టుల్లో సాధారణంగా ఉండదు. కంపెనీ ఆలస్యంగా గింజ తీసుకుంటే రైతుకేమిస్తుంది, రైతు ఆలస్యంగా పోస్తే ఏం కోస్తుంది అన్న రెండు పేరాలను పక్కపక్కన పెట్టి చదవడం చాలామంది అప్పుడే మొదలుపెట్టారు. రైతు సంఘాలు జరిమానాలు మాఫీ చేయాలని అడిగాయి.

పప్పుల విషయంలో మన ప్రమేయమూ ఉంది. మన వంటింట్లోని మైసూరు పప్పులో కొంత సస్కాచెవాన్‌లో పండేదే. అది ఎన్నడూ బోర్డు కిందికి రాలేదు, మొదటినుంచీ ప్రైవేటు కొనుగోళ్ళే. 2017 నవంబరులో భారత్ పసుపు బఠాణీలపై 50 శాతం, డిసెంబరులో మైసూరు పప్పు, శనగలపై 30 శాతం సుంకం వేసేసరికి అక్కడ విత్తుల ప్రణాళికలు తలకిందులయ్యాయి.

బోర్డు ఇప్పుడు లేదు. దానిలో సగానికి పైగా వాటాను 2015లో అంతర్జాతీయ ధాన్య వ్యాపార సంస్థ బంగీ, సౌదీ ప్రభుత్వ సంస్థ కలిసి తీసుకుని జీ3 అని పేరు మార్చాయి. సస్కాచెవాన్ పూల్ వారసురాలైన విటెర్రా కంపెనీని స్విట్జర్లాండ్ వ్యాపార సంస్థ గ్లెన్‌కోర్ కొన్నది, 2025 జులైలో అదీ బంగీలో కలిసిపోయింది. ఆరు ఎలివేటర్లు అమ్మేయాలని, జీ3 వ్యవహారాల్లో తలదూర్చకూడదని షరతులు పెట్టి కెనడా ఈ విలీనానికి ఒప్పుకుంది. పంటను బంగీకి, విటెర్రాకు చెరికొంత కట్టి రిస్కు పంచుకున్నాననుకున్న రైతుకు ఇప్పుడు రెండు కాంట్రాక్టుల మీదా ఒకటే యాజమాన్యం.