ఎస్‌ఎల్‌ఆర్ పంచాయితీ: అసలు ముడి తూటా దగ్గరే

హైదరాబాద్‌లో సాయుధ కాపలా సంగతి వచ్చిన ప్రతిసారీ పాత పంచాయితీ లేస్తుంది. పాత సెల్ఫ్ లోడింగ్ రైఫిల్ ఎస్‌ఎల్‌ఆర్‌నే ఇంకా మోయించాలా, చిన్న 5.56 తూటా కాల్చే దేశీ రైఫిల్ ఇన్సాస్ సరిపోతుందా? 2019లో సైన్యం ఎస్‌ఎల్‌ఆర్ తూటానే, అంటే 7.62×51 (గుండు వ్యాసం, కేసు పొడవు మిల్లీమీటర్లలో), కాల్చే సిగ్ 716 రైఫిళ్లు 72,400 తీసుకోవడంతో పాత తుపాకీ పక్షానికి బలం వచ్చింది. చైనాతో 1962 యుద్ధం, ఎస్‌ఎల్‌ఆర్ తయారైన ఇషాపూర్ ఫ్యాక్టరీ ముచ్చట అందరూ విన్నదే. ముడి పడింది అంతకుముందే, 1954లో, తూటా ఖాయమైనప్పుడు.

మన ఎస్‌ఎల్‌ఆర్‌కు మాతృక బెల్జియం ఎఫ్‌ఎన్ కంపెనీ ఫాల్ రైఫిల్. దాన్ని తొలుత గీసింది చిన్న తూటాకే: జర్మన్ల 7.92×33కు, ఆపై బ్రిటన్ వారి .280 అంగుళాల తూటాకి. అమెరికా పట్టుబట్టి 7.62×51ను నాటో తూటాగా ఖాయం చేయించడంతో తుపాకీని దానికి సరిపడా పెంచాల్సి వచ్చింది. నాలుగు కిలోలు దాటిన రైఫిల్‌తో ఆ తూటాను బర్స్ట్‌లో (ఒక్క నొక్కుకు వరసగా) కొడితే రెండో గుండుకే బ్యారెల్ పైకి లేస్తుంది. అందుకే బ్రిటన్, ఆ బాటలోనే మనం, ఆటోమేటిక్‌ను వదిలేసి నొక్కుకు ఒక్కటే పేలేలా పెట్టుకున్నాం. సెమీ ఆటోమేటిక్ అనేది ఏరికోరి ఎంచుకున్న గుణమేమీ కాదు, ఆ తూటాతో కుదుర్చుకున్న రాజీ.

రాజీలో లాభం లేకపోలేదు. సుమారు తొమ్మిదిన్నర గ్రాముల గుండు సెకనుకు 840 మీటర్ల వేగంతో వెళ్తుంది. మైదానంలో, కొండల్లో దూరపు గురికి తిరుగులేదు. పాతబస్తీ సందులో అదే బలం ముప్పు: తగిలినవాణ్ని దాటి, పలుచని గోడనూ దాటి వెళ్తుంది. మోత లెక్క కూడా చూడాలి. వంద రౌండ్లు దాదాపు 2.4 కిలోలు, 5.56వైతే అందులో సగమే. మీటరుకు పైగా పొడవున్న తుపాకీతో జీపులోంచి దిగడమూ ఒక పనే.

తుపాకులు బాగుచేసే ఆర్మరర్ల తలనొప్పి ఎస్‌ఎల్‌ఆర్ గ్యాస్ రెగ్యులేటర్, అంటే తూటా పేలిన గ్యాస్ పిస్టన్‌ను ఎంత తోయాలో సరిచేసే మర. రంధ్రం ఎక్కువ తెరిస్తే గ్యాస్ బయటికే పోతుంది, తూటాను లోపలికి తోసే బోల్టు పూర్తిగా వెనక్కి రాదు, పేలిన తూటా ఖాళీ కేసు ఇరుక్కుంటుంది. మరీ మూస్తే భుజానికి దెబ్బ, భాగాలకు అరుగుదల. శుభ్రం చేశాక గ్యాస్ ప్లగ్‌ను తలకిందులుగా బిగించారా, పిస్టన్‌కు గ్యాస్ అందదు. ప్రతి రౌండుకూ చేత్తో బోల్టు లాగి కాక్ చేసుకోవాల్సిందే. సగం 'జామ్' ఫిర్యాదులు ఇక్కడే తేలిపోతాయి. అదే తూటా కాల్చే జర్మన్ జీ3 రైఫిల్‌కు ఈ రెగ్యులేటరే లేదు కానీ తన్నుడు ఎక్కువ. అమెరికన్ ఎం14 చెక్క మడమ తేమకు ఉబ్బి గురి తప్పిస్తుంది.

ఇన్సాస్ మీద ఫిర్యాదులూ నిజమే: కార్గిల్ చలిలో మ్యాగజైన్లు పగిలాయి, మూడు రౌండ్ల బర్స్ట్ అదుపు తప్పింది. ఇవి తయారీ లోపాలు, సరిదిద్దుకోవచ్చు. తూటా బరువును ఏ ఫ్యాక్టరీ సరిదిద్దలేదు; సిగ్ 716 జవానూ వంద రౌండ్లకు ఆ 2.4 కిలోలే మోస్తున్నాడు.