నల్లపిల్లి తగవు

కావలి

చిరంజీవులు సాహితికి, చిన్నుకు అమ్మమ్మ ఆశీస్సులు.

దసరా సెలవులకు వచ్చినప్పుడు మీరిద్దరూ ఫోనులో ఒక నల్లపిల్లి కార్టూన్ చూసి పోట్లాడుకున్నారు. "ఆ పిల్లి పడ్డ పాట్లన్నీ దాని స్వయంకృతమే" అని చిన్ను, "అదేం చేసిందిరా?" అని సాహితి. నన్ను తీర్పు చెప్పమంటే, పొయ్యి మీద చేపల పులుసు మాడిపోతుందని తప్పించుకున్నాను. మీరు వెళ్లాక ఆ కార్టూన్‌ను నేనొక్కదాన్నే కూర్చొని రెండుసార్లు చూశాను, కనుక ఇప్పుడు చెప్పగలను.

అది 1949లో చక్ జోన్స్ తీసిన చిన్న చిత్రం. దానికి ఆస్కార్ కూడా వచ్చింది. ప్యారిస్‌లోని ఒక అత్తరు దుకాణంలో పెపె లె ప్యూ అనే స్కంక్ దూరుతాడు. స్కంక్ మన దేశంలో లేదు. పిల్లి అంత ఉండి, నల్లటి ఒంటి మీద తెల్లచారతో, బెదిరిస్తే దుర్వాసన చిమ్మే అమెరికా జంతువు. (మన పునుగుపిల్లి తైలం తిరుమల స్వామి సేవకు పనికొచ్చింది, పాపం స్కంక్‌కు ఆ యోగం లేదు.) వాణ్ని తరమడానికి దుకాణదారు తన పిల్లిని లోపలికి విసిరేస్తాడు. అది జారుకుంటూ వెళ్లి బల్లకు కొట్టుకుంటే, పైనున్న తెల్లరంగు సీసా ఒలికి వీపు పొడవునా చార పడుతుంది. పెపె దాన్ని ఆడ స్కంక్ అనుకుని వెంటపడతాడు.

ఇంతవరకు పిల్లి తనంతట తాను చేసింది ఏమీ లేదు. నిజం చెప్పాలంటే పెపె పొరబడటం కూడా నేరం కాదు. చార అలాగే ఉంది మరి. వాడి తప్పు ఆ తర్వాత మొదలవుతుంది. పిల్లి గింజుకుంటుంది, పారిపోతుంది, చివరకు గాజు బీరువాలోకి దూరి తలుపు బిగించుకుంటుంది. వద్దు అని ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు? వాడు మాత్రం అదంతా సిగ్గు అనుకుంటాడు. కథ పొడవునా ఆ ఇద్దరిలో మాట్లాడేది వాడే, పిల్లికి మ్యావ్ తప్ప మాట లేదు. ఆ చిత్రంలో దానికి పేరు కూడా లేదు. పెనెలొపీ అన్న పేరు తర్వాతి కాలంలో స్థిరపడింది. చూశారా, నేనూ ఇంతసేపటి నుంచి ఒకణ్ని "వాడు" అనీ, ఆమెను "అది" అనీ రాసుకుంటూ వచ్చాను.

చిన్ను పట్టుకున్న పాయింటు బీరువా దగ్గరిది. పెపె తుపాకి తీసి పక్కకు వెళ్లి, కాల్చుకున్నట్టు చప్పుడు చేస్తాడు. ఆమె కంగారుపడి బయటికి పరుగెత్తుకొస్తుంది. గురి తప్పిందంటూ వాడు పట్టుకుంటాడు. "తనే కదా తలుపు తీసింది" అన్నావు నువ్వు. తీసింది నిజమే, ఒక ప్రాణం పోతుందేమోనని తీసింది. ఆ జాలినే గాలంగా వాడుకున్నవాణ్ని వదిలేసి, జాలిపడినదాన్ని నిలదీయడం ఎక్కడి న్యాయం?

1951లో వచ్చిన ఇంకొక చిత్రంలో ఆమె ఆకలికి తాళలేక, జంతుప్రదర్శనశాలలో తిండి దొరుకుతుందని, తన వీపు మీద తానే తెల్లచార గీసుకుంటుంది. అక్కడ ఆమె మోసం చేసింది, ఒప్పుకుంటాను. కానీ ఆ మోసం తిండి పెట్టేవాడితో చేసింది. దానికి తగిన శిక్ష గేటు బయటికి గెంటడం. ముక్కూమొహం తెలియనివాడు వచ్చి కౌగిలించుకోవడం ఆ శిక్షలో భాగం ఎలా అవుతుంది?

ఒంగోలులో ఎనిమిదో తరగతి చదివే రోజుల్లో, ఒకరి ఇంటి ముందు స్నేహితురాలి కోసం నిలబడి, రంగు తడి ఆరలేదని తెలియక గేటుకు ఆనుకున్నాను. తెల్ల వోణీ వెనక రెండు ఆకుపచ్చ చారలు పడ్డాయి. సైకిళ్ల మీద నలుగురు కుర్రాళ్లు ఆ చారల మీద పాట కట్టి ఇంటిదాకా వెంటబడ్డారు. "కళ్లు నెత్తికెక్కాయా? తడి గేటుకు ఆనుకోమని ఎవరు చెప్పారే?" అని మా నాయనమ్మ కేకలేస్తూ, కిరసనాయిలులో గుడ్డ ముంచి వోణీ రుద్దింది. రంగు పోయింది గానీ కిరసనాయిలు వాసన నాలుగు ఉతుకుల దాకా వదల్లేదు. నాయనమ్మ గేటు గురించి అడిగింది న్యాయమే, వోణీ పాడుచేసింది నేనే. కానీ ఆ నలుగురు ఎవరి పిల్లలని మాత్రం ఇంట్లో ఒక్కరూ అడగలేదు. రెండు నెలలు చుట్టుదారిన బడికి వెళ్లింది నేనే.

1949 చిత్రం చివర్లో ఆమె నీళ్ల పీపాలో పడి చార కడుక్కుపోతుంది, జలుబు చేసి వాసనలు తెలియకుండా పోతాయి. పెపె నీలం రంగులో పడతాడు. ఇప్పుడు ఆమే వాడి వెంటపడుతుంది. మీరిద్దరూ చప్పట్లు కొట్టారు, నేనూ నవ్వాను. చిన్నూ, వాడు ప్రాణభయంతో పరుగెత్తుతున్నప్పుడు, "నీలం రంగులో ఎందుకు పడ్డాడు, వాడి స్వయంకృతమే" అని నీ నోట రాలేదు నాన్నా.

సంక్రాంతికి వస్తే పులుసు మాడకముందే మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ అమ్మమ్మ