బస్సులు జంటగా ఎందుకొస్తాయి?

హైదరాబాద్ లక్డీకాపూల్ స్టాపులో సాయంత్రం ఆరు దాటాక కాసేపు నిలబడితే ఒక దృశ్యం తరచుగా కంటపడుతుంది. కొండాపూర్ వైపు వెళ్లే బస్సు ఇరవై నిమిషాలైనా రాదు. తీరా వచ్చేటప్పుడు ఒకదాని వెనుక ఒకటిగా రెండు వస్తాయి. ముందుదాని ఫుట్‌బోర్డు మీద జనం వేలాడుతుంటారు, వెనుకదానిలో కిటికీ పక్క సీట్లు ఖాళీగా ఉంటాయి. అయినా అందరూ మొదటిదానికే ఎగబడతారు, రెండోది ఆగుతుందన్న నమ్మకం ఎవరికీ ఉండదు మరి. డ్రైవర్లను తిట్టుకోవడం మనకు అలవాటు గానీ, ఎవరూ ఏ తప్పూ చేయకపోయినా ఇలాగే జరుగుతుంది.

ఒక బస్సు నాంపల్లి దగ్గర రెండు నిమిషాలు చిక్కుకుందనుకుందాం. ఆ రెండు నిమిషాల్లో తర్వాతి స్టాపులో మరికొందరు చేరతారు. వారు ఎక్కేసరికి ఇంకొంత ఆలస్యమవుతుంది. ఆపై స్టాపులో గుంపు మరింత పెరిగి ఉంటుంది. వెనుక బస్సుకేమో, ఎక్కవలసినవారిని ముందుదే తీసుకుపోవడంతో ఆగే పని తగ్గి, పోనుపోను అది ముందుదాన్ని అందుకుంటుంది. చిన్న ఆలస్యం తనను తానే పెంచుకునే ఈ తీరును న్యూవెల్, పాట్స్ అనే పరిశోధకులు 1964లోనే గణితపరంగా వివరించారు.

దీనివల్ల కలిగే నష్టం మనం ఊహించేదానికన్నా ఎక్కువ. గంటకు ఆరు బస్సులు సరిగ్గా పది నిమిషాలకొకటి వస్తే, వేళ చూసుకోకుండా స్టాపుకు వచ్చిన మనిషి సగటున ఐదు నిమిషాలు ఎదురుచూస్తాడు. అవే ఆరు బస్సులు ఇరవై నిమిషాలకొక జంటగా వస్తే ఆ సగటు పది నిమిషాలవుతుంది. బస్సులు అవే, సిబ్బంది అంతే, ఖర్చయ్యే ఇంధనమూ దాదాపు అంతే. నిరీక్షణ మాత్రం రెట్టింపు. విసిగిపోయినవాడు వాయిదాల మీద బైకు కొనుక్కుంటాడు, ఆ బైకు మళ్లీ అదే బస్సుకు అడ్డం వస్తుంది.

2017 నవంబరులో మొదలై ఇప్పుడు దాదాపు 69 కిలోమీటర్ల మేర, 57 స్టేషన్లతో నడుస్తున్న మెట్రోకు ఈ బాధ అంతగా లేదు. దాని దారి దానిది, టికెట్టు ముందే తీసుకుంటాం, తలుపులు ప్లాట్‌ఫారం ఎత్తులోనే తెరుచుకుంటాయి. ఈ మూడు సౌకర్యాలూ బస్సుకు కూడా కల్పించవచ్చని బ్రెజిల్‌లోని కురితిబా నగరం చూపింది. అక్కడ 1974 నుంచి బస్సులకు ప్రత్యేక దారులున్నాయి, తర్వాత గొట్టం ఆకారపు స్టాపుల్లో టికెట్టు ముందే తీసుకుని నేరుగా ఎక్కే పద్ధతి వచ్చింది. మన దగ్గర 2023 డిసెంబరు 9న మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక తలుపు దగ్గర గడిచే ప్రతి క్షణానికీ విలువ పెరిగింది. ఎత్తయిన మెట్లు, ఇరుకు తలుపు ఉన్న బస్సును ఎంత పొడవైన ఫ్లైఓవర్ ఎక్కించినా స్టాపు దగ్గర పోయే సమయం తిరిగి రాదని నా అభిప్రాయం.

ప్రత్యేక దారికి చోటు లేని రోడ్లలోనూ ఒక ఉపాయం ఉంది. ముందు బస్సుకు మరీ దగ్గరైన బస్సును ఏదో ఒక పెద్ద స్టాపులో ఒకటి రెండు నిమిషాలు ఆపి ఉంచడం. జీపీఎస్ ఉంటే ఎంత దగ్గరైందో అప్పటికప్పుడే తెలిసిపోతుంది. సీట్లు ఖాళీగా పెట్టుకుని బండి కదపరేమని లోపలివారు కండక్టరు మీద విసుక్కోవడం ఖాయం, వారికి తర్వాతి స్టాపుల్లో నిలబడ్డవారు కనిపించరు కదా.