నీలి పాపీ గురించి పిల్లలకు

పిల్లలూ,

మీరు పంపిన ఫోటో చూశాను. ఆకాశం రంగు రేకులు, మధ్యలో పసుపుపచ్చ కేసరాల గుత్తి, కాడ నిండా ముళ్ళు. "ఇది నిజం పువ్వేనా తాతయ్యా, ఫోన్‌లో రంగు మార్చేశారా?" అని అడిగారు. నిజం పువ్వే. గసగసాల మొక్క కుటుంబంలోదే, హిమాలయాల్లో దొరికే నీలి పాపీ. ఇలాంటి పాపీలన్నిటినీ కలిపి మెకనాప్సిస్ అంటారు, అందులో చాలా రకాలున్నాయి. మీ ఫోటో ఉత్తరాఖండ్‌లో తీసిందన్నారు, పైగా ఆ ముళ్ళు చూస్తుంటే ఇది మెకనాప్సిస్ అక్యులియాటా అయ్యుంటుంది. సుమారు మూడు, నాలుగు వేల మీటర్ల ఎత్తున, చెట్లు ఆగిపోయి రాళ్ళు మొదలయ్యే చోట, బండల సందుల్లో పెరుగుతుంది.

మీ అనుమానం మాత్రం సరైనదే. పువ్వుల్లో అసలైన నీలం చాలా అరుదు, నీలం అని మనం అనుకునేవాటిలో సగం ఊదా రంగువే. ఈ పాపీల రంగు ఎలా వస్తుందో చూస్తే ఇంకా తమాషాగా ఉంటుంది. గులాబీకి ఎరుపునిచ్చే సయనిడిన్ అనే పదార్థమే ఈ నీలానికీ ఆధారం! జపాన్ శాస్త్రవేత్తలు హిమాలయ నీలి పాపీ రేకుల్ని పరీక్షిస్తే, ఆ సయనిడిన్‌కి కొంచెం ఇనుము, మెగ్నీషియం, ఇంకో రంగులేని పదార్థం తోడై అన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయని తేలింది. ఆ పట్టు కుదిరితేనే నీలం, కుదరకపోతే ఊదా వైపో ఎరుపు వైపో పోతుంది. అందుకే ఒకే కొండ మీద పక్కపక్క మొక్కలకు కూడా రంగులో తేడా కనిపించవచ్చు.

నాకు మాత్రం రంగుకన్నా దీని బతుకు తీరే పెద్ద ఆశ్చర్యం. విత్తనం మొలిచాక మొదట్లో పువ్వు జోలికే పోదు. నేలకు అతుక్కున్నట్టు గుండ్రంగా నాలుగు ఆకులు వేస్తుంది, ఎండ ఉన్న ఆ కొద్ది నెలల్లో తయారు చేసుకున్న ఆహారాన్ని లోతుగా దిగిన వేరులో దాచుకుంటుంది, చలికాలం రాగానే ఆకులు కుళ్ళిపోతాయి, చిన్న మొగ్గ ఒక్కటే మట్టిలో మిగిలి మంచు కింద ఉండిపోతుంది. మంచు కింద ఉంటే చచ్చిపోదా అనుకుంటారేమో, అదే దానికి రక్ష. పైన గాలి సున్నాకి ఎంతో కిందికి పడిపోయినా, మందంగా పడ్డ మంచు అడుగున అంత చలి ఉండదు. ఇలా కొన్నేళ్ళు గడిపి, తగినంత పోగయ్యాక ఒకే ఒక్క వేసవిలో కాడ లేపి, ఉన్నదంతా పువ్వుల మీద పెట్టేసి, గింజలు రాల్చి, చచ్చిపోతుంది. మళ్ళీ చిగురించదు. (పాపీలన్నీ ఇలా కాదు. భూటాన్ జాతీయ పుష్పం కూడా నీలి పాపీయే, కానీ అది ఏటేటా పూసే రకం.)

ఇక్కడే కొందరు యాత్రికుల మీద నాకు కోపం వస్తుంది. వేరే మొక్క పువ్వు కోస్తే వచ్చే ఏడాది మళ్ళీ పూస్తుంది. దీని కాడ తుంచితే అన్నేళ్ళ శ్రమా ఆ నిమిషంతో సరి, గింజ కూడా మిగలదు. తెంపిన రేకులు ఎలాగూ కొద్దిసేపట్లో వాడిపోతాయి. హిమాలయాల్లో అమ్చీలనే సంప్రదాయ వైద్యులు దీన్ని మందుల్లో వాడతారు, ఆ వాడుక పాతదే. కానీ గింజ పడకముందే పీకేస్తే మాత్రం ఆ చోట మొక్కలు తగ్గిపోవడం ఖాయం.

ముళ్ళెందుకంటే, మేసే జంతువులు నోరు పెట్టకుండా. పువ్వులో తేనె ఉండదు, అయినా ఈగలూ బొద్దు తేనెటీగలూ పుప్పొడి కోసం వస్తాయి. పువ్వులు చాలావరకు పక్కకో కిందికో వాలి ఉంటాయి కాబట్టి వానకి ఆ పుప్పొడి తొందరగా తడవదు. కాయ పండితే పై అంచు దగ్గర చిన్న చీలికలు పడతాయి, గాలికి కాడ ఊగినప్పుడల్లా ఉప్పుడబ్బా చల్లినట్టు గింజలు కొంచెం కొంచెంగా రాలతాయి.

ఇంగ్లండ్ తోటమాలులు వీటి కోసం ఎంత పిచ్చెక్కిపోయారో చెప్పాలి. 1913లో బెయిలీ అనే అధికారి టిబెట్‌లో ఇంకో రకం నీలి పాపీని చూసి, దాని పువ్వును నోటుపుస్తకంలో నొక్కి పెట్టుకున్నాడు. 1924లో మొక్కలు సేకరించే కింగ్‌డన్ వార్డ్ అక్కడికే వెళ్ళి గింజలు తెచ్చాడు, అప్పటినుంచీ ఇంగ్లండ్ తోటల్లో దాని హడావుడి మొదలైంది. చల్లటి, తేమగా ఉండే వేసవి కావాలి దానికి. అందుకే స్కాట్లాండ్‌లో బాగా వస్తుంది, వేడి ప్రాంతాల్లో ఎంత డబ్బు పోసినా బతకదు. ఆన్‌లైన్‌లో గింజలు కొందామని మీలో ఎవరైనా అనుకుంటుంటే ఇప్పుడే మానుకోండి.

చూడాలనుంటే ఉత్తరాఖండ్‌లోని పూల లోయ, వేలీ ఆఫ్ ఫ్లవర్స్‌కి వెళ్ళాలి. అది జూన్ నుంచి అక్టోబర్ దాకా తెరిచి ఉంటుంది, ఈ పాపీకి జూలై, ఆగస్టు మంచి సమయం. వానలూ జారే రాళ్ళూ తప్పవు. దగ్గర్లోని ఘాంఘరియా ఊరి నుంచి హేమకుండ్ గురుద్వారాకి ఎక్కే దారిలో బండల మధ్య కూడా వెతకండి. కాడ చివర పువ్వు రాలిపోయి కనిపిస్తే సీజన్ అయిపోయిందని తిరిగి వచ్చేయకండి, ఇది పైనుంచి కిందికి పూస్తుంది, కింద ఇంకా మొగ్గలు ఉండొచ్చు.

మీ తాతయ్య