పెద్దవాళ్ల పగటి కలలు: అపోహలు - వాస్తవాలు

చెన్నైలో వృద్ధుల మానసిక ఆరోగ్యం చూసే వైద్యురాలిని. వడపళని, కోడంబాక్కం, టీ నగర్ వైపు నుంచి తెలుగు కుటుంబాలు తరచుగా వస్తుంటాయి. "నాన్నగారు కిటికీ దగ్గర కూర్చుని తనలో తానే నవ్వుకుంటున్నారండీ" అంటారు పిల్లలు. ఆపైన గొంతు తగ్గించి, "ఏవో పడుచు రోజుల సంగతులు" అని నసుగుతారు.

అపోహ: పాత రోజుల్లో తేలిపోతున్నారంటే మతి తప్పుతున్నట్టే.

వాస్తవం: కాదు. వయసు మీద పడ్డాక గడిచిన జీవితాన్ని తిరగేసుకోవడం సహజమని అమెరికా మానసిక వైద్యుడు రాబర్ట్ బట్లర్ 1963లోనే రాశారు. నడివయసు దాటాక ఎవరికైనా 10 నుంచి 30 ఏళ్ల వయసు మధ్య జరిగినవే ఎక్కువగా గుర్తుకొస్తాయి. మొదటి జీతం, మొదటి ప్రేమ, మొదటిసారి ఇల్లు విడిచిన రోజు అన్నీ అప్పటివే కదా. మద్రాసులో ట్రాములు 1953లో ఆగిపోయాయి. ఆనాటి పదిహేడేళ్ల కుర్రాడు ఇప్పుడు తొంభైకి చేరువలో ఉంటాడు. మొన్నటి మెట్రో ప్రయాణం కన్నా ఆ ట్రామే ఆయన కళ్లకు కడితే వింతేమీ లేదు.

అపోహ: పాతవన్నీ పూసగుచ్చినట్టు చెబుతున్నారు, ఇక మతిమరుపు ఎక్కడిది?

వాస్తవం: నన్ను ఎక్కువగా భయపెట్టేది ఈ ధీమాయే. అల్జీమర్స్ వ్యాధి సాధారణంగా ముందు దెబ్బతీసేది కొత్త జ్ఞాపకాలను నిలిపే మెదడు భాగమైన హిప్పోకాంపస్‌ను. పాతవి చాలాకాలం చెక్కుచెదరవు. అందుకే పెళ్లినాటి కబుర్లు కాదు, పొద్దున ఏ టిఫిన్ తిన్నారో అడగండి. ఎప్పుడో రిటైరైన మనిషి ఆఫీసుకు టైమైందని చెప్పులు వేసుకుంటే డాక్టరుకు చూపించండి. ఈ తికమక ఒకటి రెండు రోజుల్లోనే మొదలైతే మూత్రంలో ఇన్‌ఫెక్షన్, రక్తంలో సోడియం తగ్గడం, కొత్తగా వాడుతున్న మందు వంటివి కారణం కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అపోహ: కృష్ణా రామా అనుకోవాల్సిన వయసులో ఈ సరసాలేమిటి?

వాస్తవం: ఒకప్పుడు సినిమాల్లో గ్రూప్ డాన్సరుగా చేసిన ఒక పెద్దావిడను కొడుకు తీసుకొచ్చాడు. అమ్మ తన ప్రేమ సంగతులు మనవరాళ్లకు చెబుతోందట, పరువు పోతోందట. అతన్ని కాఫీ తాగి రమ్మని బయటికి పంపాను. ఆవిడ ఆర్కు లైట్ల వేడికి మేకప్ కారిపోవడం గురించీ, ఎవరూ చూడకుండా తనకు మజ్జిగ తెచ్చిచ్చే కెమెరా అసిస్టెంటు గురించీ చెబుతుంటే, కుర్చీ కింద కుడి పాదం తాళం వేస్తూనే ఉంది.

"మీ పెళ్లికి వచ్చారా ఆయన?" అన్నాను.

"వచ్చాడు. భోజనం చేయకుండా వెళ్లిపోయాడు" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

తేదీ, వారం, ఉదయం తిన్న ఇడ్లీ, అన్నీ సరిగ్గా చెప్పారు. మందులేమీ రాయలేదు. కోరిక అరవై దాటగానే సెలవు తీసుకోదు, దాన్ని తలుచుకోవడం అసలే తప్పు కాదు. (కొడుకుకైతే ఏదైనా రాయాలనిపించింది.) అయితే జీవితమంతా మర్యాదగా మెలిగిన మనిషి హఠాత్తుగా పనిమనిషితో అసభ్యంగా మాట్లాడటం మొదలుపెడితే అది వేరే సంగతి. మెదడు ముందు భాగం దెబ్బతింటున్నదేమో పరీక్షించాలి.

అపోహ: గుర్తుచేస్తే బాధపడతారు, మాట మార్చేయాలి.

వాస్తవం: అడగండి. పాత ఫోటోలు ముందు పెట్టండి, పాటలు వినిపించండి. సంవత్సరం తప్పు చెప్పారని మధ్యలో సరిదిద్దకండి. తలపోతలో నవ్వు పోయి "నా బతుకంతా వృథా" అన్న మాటే మిగిలి, తిండీ నిద్రా తగ్గి రెండు వారాలు దాటితే అది డిప్రెషన్ కావచ్చు. వయసు మీదికి నెట్టేయకుండా తీసుకురండి. ఎనభైలో ఉన్నవారికి కూడా చికిత్స పనిచేస్తుంది.